తిరుమణి విద్యుత్తు – కంప్యూటరు మాతృఫలకము
ఒక చారిత్రక పరిశీలనము

1. తిరుమణి సీమ

కర్ణాటక రాష్ట్రమునందలి తుమకూరు జిల్లాలో పావగడ తాలూకా విలక్షణమైన స్థానము గలది. పటమును పరికించినచో ఈ తాలూకా చాలవరకు పూర్వపు అనంతపురము జిల్లా భూములచే చుట్టబడి, తన రాష్ట్రముతో సన్నని సంబంధమును మాత్రమే కలిగియుండుట కాననగును. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఇది నాటి మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఐనను ఇచ్చటి పల్లెలలో అనేక గృహములందు తెలుగే ఇంటిభాష. కచేరిలో కన్నడము, కళ్లములో తెలుగు – ఇది ఈ సీమ తీరు. వర్షము స్వల్పము, వేరుసెనగ ప్రధానమైన మెట్టపంట, కరవు పరిచితమైన అతిథి.

ఇట్టి సీమలో తిరుమణి గ్రామము ఇటీవల దేశఖ్యాతి నందినది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఉమ్మడి భాగస్వామ్యమున 2015లో ఏర్పడిన కర్ణాటక సౌర విద్యుత్ అభివృద్ధి సంస్థ తిరుమణి, బలసముద్రము, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములను సేకరించి సౌరవిద్యుత్ క్షేత్రమును నెలకొల్పినది. భూమిని కొనలేదు; ఎకరమునకు సాలుకు 21,000 రూపాయల చొప్పున 28 సంవత్సరములకు రైతులకడ కౌలునకు గైకొనినది. 1918లో కాదు, 1818లో కాదు, 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమైన యీ క్షేత్రము 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల పూర్ణశక్తి నందుకొనినది. భూమిగల రైతునకు కౌలు లభించినది. భూమిలేని కూలీకి మాత్రము పొలముపని పోయినది. ఈ రెండును చరిత్రలో చేరవలసిన సంగతులే.

క్షేత్రమును చూడవచ్చినవారు ఆకసమువంక మొగమెత్తి నిలిచిన నల్లని ఫలకములనే చూచి ఆశ్చర్యపడుదురు. కాని ఫలకము పుట్టించిన విద్యుత్తు ఏకముఖ విద్యుత్తు. అది అట్లే బెంగళూరునకు పోజాలదు. దానిని ఇన్వర్టరు ప్రత్యావర్త విద్యుత్తుగా మార్చవలెను. పరివర్తకములు దాని వోల్టేజిని మెట్లు మెట్లుగా పెంచవలెను. ఉపకేంద్రములు దానిని 220, 400 కిలోవోల్టుల తీగలకెక్కింపవలెను. తొలి 2,000 మెగావాట్లను 250 మెగావాట్ల చొప్పున ఎనిమిది విభాగములుగా ఏర్పరచుటకు కారణ మిదియే. ఉపకేంద్రము బలహీనమైనచో ఎన్నివేల ఫలకములున్నను నిష్ప్రయోజనమే.

కంప్యూటరు విషయమునను ఈ సూత్రమే వర్తించును. ప్రోసెసరు పేరు అందరి నోటను నానును. దానిని భరించు మదర్‌బోర్డును, అనగా మాతృఫలకమును, తలచువారు అరుదు. పాత కంప్యూటరునకు క్రొత్త ప్రోసెసరును అమర్చ నెంచువారు ఏ మాతృఫలకమును నమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటనలలో లేదు. ఆ ఫలకపు చరిత్రలో నున్నది.

2. తలక్రిందైన ప్రయాణము

తిరుమణిలో విద్యుత్తు తక్కువ వోల్టేజినుండి ఎక్కువకు ఎక్కును. కంప్యూటరున్న యింటిలో ఆ ప్రయాణము తలక్రిందుగా జరుగును. గోడలోనుండి 230 వోల్టుల ప్రత్యావర్త విద్యుత్తు వచ్చును. పెట్టెలోని విద్యుత్ సరఫరా భాగము దానిని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా దించును. చివరకు ప్రోసెసరు కోరునది ఇంచుమించు ఒక్క వోల్టు మాత్రమే. ఆ కడపటి దింపుపని మాతృఫలకముపైనున్న వోల్టేజి నియంత్రకములది.

ఇందలి భారమును ఒక చిన్న లెక్క తెలుపగలదు. 120 వాట్ల శక్తిని వినియోగించు ప్రోసెసరు 1.2 వోల్టులపై నడచుచున్నదనుకొందము. దానికి 100 ఆంపియర్ల ప్రవాహము కావలెను. అదే 120 వాట్లు గోడలోని తీగనుండి వచ్చునపుడు అర ఆంపియరునకు కొంచెమెక్కువ మాత్రమే. కావున మాతృఫలకమును ఇంటిలోని చిట్టచివరి ఉపకేంద్రమనుట అతిశయోక్తి కాదు. పని పెరిగినపుడు ప్రోసెసరు క్షణములోని అల్పభాగమున ఎక్కువ ప్రవాహమును కోరును. పని ముగిసినంతనే వలదనును. ఈ ఆటుపోటులను వోల్టేజి చెదరకుండ భరించుటయే మంచి ఫలకమునకు ప్రథమ లక్షణము.

3. మాతృఫలకపు పుట్టుపూర్వోత్తరములు

ప్రారంభకాలపు కంప్యూటర్లకు నేటి అర్థములో మాతృఫలకము లేదు. గణనభాగము ఒక్క చిప్పులో నిముడక అనేక కార్డులపై పరచబడియుండెడిది. ఆ కార్డులను వెనుకనున్న తీగెల చట్రములో గ్రుచ్చెడివారు.

ఈ చరిత్రతో తెలుగునాటికి సంబంధము లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యమున 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రమున రూపొందిన ట్రాంబే డిజిటల్ కంప్యూటరు, అనగా టి.డి.సి.-12, 1969లో వెలువడినది. ఆ వంశమునకు చెందిన యంత్రములను హైదరాబాదు సంస్థ తయారుచేసినది. విదేశముననుండి విడిభాగము వచ్చువరకు యంత్రము మూతబడి యుండరాదనుట ఆనాటి స్వావలంబన దృష్టి. నమ్మకము అనునది వేగముకంటె ముందు చూడవలసిన గుణమని అప్పటి ఇంజనీర్లు ఎరిగియుండిరి.

1975లో అమెరికాలో వెలువడిన ఆల్టేర్ 8800 యంత్రమునందును ప్రోసెసరు ఒక విడి కార్డుపై నుండెడిది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినపుడు ఇంటెల్ 8088 ప్రోసెసరును, మూలస్మృతిని, విస్తరణ గాడులను ఒకే ప్రధాన ఫలకముపై కూర్చినది. ఇతర సంస్థలు ఆ మార్గమునే అనుసరించినవి. అంతట ఫలకము వేరొక వస్తువై, అంగడిలో విడిగా అమ్ముడుపోజొచ్చెను. పెట్టె, సరఫరా భాగము, ఫలకము ఒకదానితో నొకటి పొసగునట్లు 1995లో ఇంటెల్ ఏ.టి.ఎక్స్. ప్రమాణమును ప్రకటించినది. నేటికిని చాల పెట్టెలు ఆ కొలతల వంశమునకు చెందినవే.

వోల్టేజి కథ దీనికి సమాంతరముగ నడచినది. 8088 మొదలుకొని 1993 నాటి తొలి పెంటియముల వరకు 5 వోల్టులే వాడుక. 1994లో 3.3 వోల్టుల పెంటియములు వచ్చినవి. 1997లో వచ్చిన ఎం.ఎం.ఎక్స్. పెంటియము లోపలి భాగమునకు 2.8 వోల్టులు చాలును. ఆ దినములలో ఫలకముపై చిన్న జంపర్లను చేతితో మార్చి వోల్టేజిని నిర్ణయించెడివారు. జంపరు తప్పినచో క్రొత్త ప్రోసెసరు మాడిపోవు ప్రమాదముండెడిది. తరువాత ప్రోసెసరే తనకు కావలసిన వోల్టేజిని సంకేతముల ద్వారా ఫలకమునకు తెలుపు పద్ధతి స్థిరపడినది. 2000లో పెంటియము 4 వచ్చినపుడు ప్రోసెసరు కొరకే ప్రత్యేకముగా 12 వోల్టుల నాలుగు సూదుల సంధానము ఏర్పడినది. 2004లో ఇంటెల్ 775 సంపర్కముల సాకెట్టుతో సన్నని సూదులను ప్రోసెసరునుండి తీసి ఫలకముపై నుంచినది. నాటినుండి వంగిన సూది నష్టము ఫలకపు పాలైనది.

4. చరిత్ర నేర్పిన నాలుగు పాఠములు

మొదటిది కెపాసిటర్ల పాఠము. సుమారు 1999 మొదలు 2007 వరకు లోకమందంతటను అనేక ఫలకములు కొలదికాలమునకే చెడిపోయినవి. వానిపైనున్న అల్యూమినియపు కెపాసిటర్లు తలలుబ్బి, పగిలి, గోధుమవర్ణపు ద్రవమును కార్చినవి. లోపలి విద్యుద్ద్రవము సరిగా లేకపోవుటయే కారణము. ఆ పిమ్మట ద్రవములేని పాలిమరు ఘన కెపాసిటర్లు ప్రచారమందినవి. ద్రవ కెపాసిటర్లకు ఒక స్థూలసూత్రము కలదు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన కొలది ఆయుర్దాయము ఇంచుమించు రెట్టింపగును. 105 డిగ్రీలవద్ద 5,000 గంటలు మన్ననగు కెపాసిటరు 65 డిగ్రీలవద్ద 80,000 గంటలు, అనగా ఎడతెగక నడచినను తొమ్మిదేండ్లు, పనిచేయవచ్చును. ఎండకాలమున గదియే కాగి యుండు పావగడ, అనంతపురము సీమలలో ఈ లెక్క వట్టి పుస్తకపు లెక్క కాదు.

రెండవది పొంతనల పాఠము. సాకెట్టు ఒకటే యైనంతమాత్రమున ప్రోసెసరు పనిచేయునని తలపరాదు. 2015లో వచ్చిన ఇంటెల్ 1151 సాకెట్టు పేరునే 2017లోని ఎనిమిదవ తరపు డెస్క్‌టాప్ ప్రోసెసర్లును ధరించినవి. కాని ఆ ప్రోసెసర్లను వాని పూర్వపు ఫలకములు స్వీకరింపలేదు. పేరును మాత్రమే చూచి కొనినవారు క్రొత్త ఫలకమును గూడ కొనవలసివచ్చినది.

మూడవది బయాసు పాఠము. ఏ.ఎం.డి. సంస్థ 2016లో తెచ్చిన ఏ.ఎం.4 సాకెట్టు దీర్ఘాయువైనది. 2022లో సైతము దానికి క్రొత్త ప్రోసెసరు వచ్చినది. ఐనను 2020 మే నెలలో ఆ సంస్థ తన రాబోవు ప్రోసెసర్లకు బి450, ఎక్స్470 ఫలకములు పనికిరావని మొదట ప్రకటించి, వినియోగదారుల అసమ్మతిని గని అదే నెలలో నిర్ణయమును మార్చుకొనినది. పిమ్మట ఆ ఫలకములు బయాసును నవీకరించుకొని నూతన ప్రోసెసర్లను ఆదరించినవి. అట్లు నవీకరింపని ఫలకమున క్రొత్త ప్రోసెసరును పెట్టినచో తెర వెలుగదు. ప్రోసెసరు చెడినదను భ్రాంతి కలుగును.

నాలుగవది మితిమీరిన వోల్టేజి పాఠము. 2023 ఏప్రిలులో కొన్ని ఏ.ఎం.5 ఫలకములపై రైజెన్ 7000 వంశపు ప్రోసెసర్లు కాలిపోయినవి. ఏ.ఎం.డి. అందలి యొక భాగమునకు వోల్టేజిని 1.3కు మించకుండ బంధించు బయాసును వెలువరించినది. 2024లో ఇంటెల్ 13, 14 తరముల ప్రోసెసర్లు కొన్ని అస్థిరములైనపుడు దోషము ప్రోసెసరులోని సూక్ష్మాదేశములదని తేలినను, చికిత్స ఆగస్టులో ఫలకముల బయాసు ద్వారానే అందినది. అప్పటికే దెబ్బతిన్న ప్రోసెసర్లకు ఆ చికిత్స పనిచేయలేదు. కావున ఫలకమును కొనుట యనగా దాని నిర్మాత యొక్క రాబోవు సంవత్సరముల శ్రద్ధను గూడ కొనుట యని గ్రహింపవలెను.

5. ఎంపిక విధానము

పై చరిత్రనుండి నమ్మదగిన ఫలకమునకు లక్షణములు తామే తేలుచున్నవి.

ముందుగా, నిర్మాత ప్రకటించిన ప్రోసెసర్ల జాబితాను చూడవలెను. అందు ప్రోసెసరు పూర్తి పేరుండవలెను. ఏ బయాసు సంఖ్యనుండి అది పనిచేయునో కనుగొనవలెను. ఒకే పేరుగల ఫలకమునకు భిన్నమైన రివిజన్లుండును. కావున ఫలకముపై ముద్రితమైన రివిజన్ సంఖ్య జాబితాతో సరిపోవలెను. ప్రోసెసరు లేకయే యు.ఎస్.బి. ద్వారా బయాసును నవీకరించు సదుపాయమున్న ఫలకము మేలు.

తరువాత, వోల్టేజి నియంత్రకములను పరీక్షింపవలెను. ఫేజుల సంఖ్యను పెద్ద అక్షరములతో చాటుట అమ్మకపు నేర్పు. ఒక్కొక్క ఫేజు ఎంత ప్రవాహమును మోయగలదో, వానిపై లోహపు శీతలకము గలదో లేదో చూచుట కొనువాని నేర్పు. 65 వాట్ల ప్రోసెసరునకు సామాన్య ఫలకము చాలును. అత్యధిక శక్తిని గ్రోలు ప్రోసెసరును చౌక ఫలకముపై నుంచినచో నియంత్రకములు కాగి, ప్రోసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. వేగమునకై వెచ్చించిన ధనము వేడిగా మారిపోవును.

పిదప, పాత సామగ్రిలో ఏది నిలుచునో లెక్కింపవలెను. క్రొత్త ఫలకము డి.డి.ఆర్.5 స్మృతిని కోరినచో పాత డి.డి.ఆర్.4 స్మృతి దానికి పొసగదు. పాత సరఫరా భాగమునకు ఎనిమిది సూదుల ప్రోసెసరు తీగ లేకున్నచో అదియు మారవలెను. ఈ మొత్తమును కూడినపుడు, ఉన్న ఫలకముననే ఇముడు మెరుగైన ప్రోసెసరును కొనుటయే ఒక్కొక్కమారు ఉత్తమమని తేలును.

పావగడవారు బెంగళూరు ఎస్.పి. రోడ్డునకు పోయినను, తెలంగాణమువారు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయినను, వాడిన ఫలకములు సగము వెలకే దొరకును. అట్టివాని సాకెట్టు సూదులను వెలుతురులో పరికించి, ఉబ్బిన కెపాసిటర్లు, తిరిగి మాటువేసిన గుర్తులు లేకుండుట చూచి, ఎదుటనే నడిపించి కొనవలెను. క్రొత్తదైనచో బిల్లు, వారంటీ, మరమ్మతు కేంద్రమెంత దూరమనునది ముఖ్యము. గ్రామవాసికి ఈ చివరి ప్రశ్నయే పెద్ద ప్రశ్న.

తుదకు, ఎంతటి ఫలకమైనను ఇంటి విద్యుత్తు సరిలేనిదే మన్నదు. భూసంధానము సరిగ నుండవలెను. వోల్టేజి హెచ్చుతగ్గులకు యు.పి.ఎస్. అడ్డుగ నిలువవలెను. మెట్టసీమల ధూళి శీతలకములను కప్పివేయును. దానిని కొలది నెలల కొకసారి తొలగింపవలెను.

6. ఉపసంహారము

తిరుమణి పొలములలో పుట్టిన విద్యుత్తే తిరుమణి యింటి కంప్యూటరును నడుపుచున్నదని చెప్ప వీలులేదు. గ్రిడ్డులో అన్ని నీళ్లును కలిసిన చెరువువలె అన్ని విద్యుత్తులును కలిసిపోవును. కాని 2,050 మెగావాట్ల క్షేత్రమునకును, ఒక్క వోల్టుపై నడచు ప్రోసెసరునకును ధర్మ మొక్కటే. కనబడు శక్తిని కనబడని ఆధారము మోయుచున్నది. మెట్టసేద్యపు రాబడితోనో కౌలుసొమ్ముతోనో బిడ్డ చదువునకై కంప్యూటరును బాగుచేయించు కుటుంబమునకు తప్పుడు ఫలకము రెండింతల నష్టము: ఫలకమును పోవును, ప్రోసెసరును పోవచ్చును. అట్టివారు ప్రోసెసరుపై కొంత తగ్గించియైనను ఆధారముపై తగ్గింపకుండుట మేలని ఈ నలువదియేండ్ల పైబడిన చరిత్ర నిశ్చయముగా చెప్పుచున్నది.