గుర్రాల గుర్తింపు: దాగ్ నుంచి మైక్రోచిప్ వరకు

మధ్యయుగ సైన్యాలలో అశ్వికదళానికి ప్రముఖ స్థానం ఉండేది. తనిఖీలో మేలురకం గుర్రాన్ని చూపి, తరువాత దాని స్థానంలో నాసిరకం గుర్రాన్ని పెట్టడం, ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపడం వంటి మోసాలు జరిగేవి. వీటిని అరికట్టడానికి అల్లావుద్దీన్ ఖిల్జీ (1296-1316) గుర్రాలకు కాల్చి ముద్ర వేసే 'దాగ్', సైనికుల ఆనవాళ్లను నమోదు చేసే 'హులియా' పద్ధతులను అమలుపరిచాడు. 1573-74లో అక్బరు దాగ్‌ను పునరుద్ధరించాడు. లేని గుర్రాల పేరిట వచ్చే ఆదాయం పోవడంతో పలువురు అధికారులు దీనిని వ్యతిరేకించారు. 1580 నాటి బెంగాల్, బీహార్ తిరుగుబాటుకు ఇది కూడా ఒక కారణం.

నేడు ఐరోపా దేశాలలో గుర్రం మెడలో అమర్చే మైక్రోచిప్, దాని వివరాలుండే పాస్‌పోర్టు గుర్తింపునకు ఆధారాలు. కొన్ని మందులు వాడిన గుర్రాల మాంసం ప్రజల ఆహారంలో చేరకుండా చూడటం వీటి ముఖ్యోద్దేశాలలో ఒకటి.