తొలి కాపురపు టిల్లు

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అను సామెత నెరుగని తెలుగువాడు లేడు. ఈ రెండు కార్యములును గృహస్థుని యోర్పును, ధనమును గూడ పరీక్షించునని దాని భావము. కాని యీ సామెత పలుకు నోరెవరిదో మన మాలోచింపము. ఇల్లు కట్టువాడును, పెండ్లి చేయువాడును ఇంటి పెద్దయే. ఆ పెండ్లి యాడినవారు, ఆ యింట నుండబోవువారు ఈ సామెతలో నోరు మెదపరు. క్రొత్త దంపతులకు, అందును క్రొత్త కోడలికి, తా మెట్టి యింట కాపురముండవలెనో చెప్పుకొను నధికార మెన్నడు కలిగెను? నల్లగొండ, మహబూబునగరు సీమల గృహచరిత్రమునందు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా యుద్దేశము.

రాజుల కోటలను గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. ప్రజల యిండ్లను, తిండిని, కట్టును చరిత్రగా నెంచినవారు కొద్దిమందియే. వారిలో నగ్రగణ్యులగు సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ పాలమూరు సీమవారే. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడి, 1955లో తెలుగునకు లభించిన తొలి సాహిత్య అకాడమి పురస్కారము నందెను. వారు చూపిన త్రోవనే మేమును నాలుగడుగులు నడువదలచితిమి.

ఈ సీమలు మెట్టనేలలు. ఇచట వాన తక్కువ, ఎండ మెండు, రాతికి కొదువ లేదు. ఇల్లు ఈ మూటికిని లోబడియే రూపొందినది. గద్వాల, ఆలంపురము ప్రాంతములందు రాతిగోడలపై దూలములను దంతెలను పరచి, పైన మన్ను కప్పిన మట్టిమిద్దెలు వెలసెను. నల్లగొండ వైపున గూనపెంకుటిండ్లును, బీదలకు గడ్డి కప్పిన గుడిసెలును నుండెను. మిద్దెమీది మన్నును, మందమైన గోడయు పగటి యెండను లోపలికి త్వరగా రానీయవు. ఏటేట వానకాలమునకు ముందు మిద్దె నెక్కి, నెఱియలు పూడ్చి, క్రొత్త మన్ను వేసి దట్టింపవలెను. ఇల్లు బాగుచేయించుకొనుట యనునది మన పెద్దలకు క్రొత్త ముచ్చట గాదు. అది ప్రతి సంవత్సరమును వచ్చు వ్యవసాయపు పని వంటిదే.

కలవారి భవంతిలో నడుమ నాకసమునకు తెఱచిన వాకిలి, చుట్టును సాయబాను, దాని వెనుక నర్రలు నుండెడివి. వెలుగును గాలియు వాకిటను, వీధి యరుగుమీదను ధారాళముగా లభించుచుండెను. అరుగు మగవారిది. కోడలికి దక్కునది లోపలి యర్రలలో నొకటి. అందును ధాన్యపు గుమ్ములు సగము చోటాక్రమించెడివి. దొంగల భయముచే కిటికీలు లేవు; ఉన్నను జానెడు గవాక్షములే. వంటయింటి పొగకు దర్వాజా తప్ప వేరు దారి లేకుండెను. గడపకు జాజు పూయుట, గోడ కంచున సున్నపు గీతలు తీర్చుట, అలికిన వాకిట ముగ్గు వేయుట మాత్రము స్త్రీల చేతిలో నుండెను. ఇంటి రూపమున నామె తన యిష్టము వచ్చినట్లు నిర్ణయించునది యీ యలంకార మొక్కటియే యని చెప్పిన తప్పుగాదు. ఆ ముగ్గులను మెచ్చుకొనుచు, ఆమె కన్నులు పొగచే నెఱ్ఱబారుటను చూడనివారము మనమే.

భవంతిని మించినది దొరగారి గడీ. ఎత్తైన ప్రహరి, పెద్ద దర్వాజా, లోపల వరుసగా నర్రలు గల గడీల రూపు తెలంగాణపు పల్లెలలో నేటికిని కానవచ్చును. ఈ గడీలకు వలసిన చాకిరి వెట్టి యనుపేర నూరివారి నుండి రాబట్టబడుచుండెను. కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను, చాకలి బట్ట లుదుకవలెను, కూలి లేదు. వీనికంటె హృదయవిదారకమగు నాచార మింకొకటి గలదు. దొరల కూతుళ్లు పెండ్లియాడి యత్తవారింటికి వెళ్లునపుడు వారితో దాసీపిల్లలను పంపుచుండిరి. తెలంగాణ ప్రజాపోరాటమును గూర్చి 1972లో వెలువడిన తమ గ్రంథమునందు పుచ్చలపల్లి సుందరయ్యగారు ఈ యాచారమును పేర్కొనిరి. వీరిని ఆడబాపలనిరి. ఒక క్రొత్త కాపురమును తీర్చిదిద్దుటకై యింకొక బాలికకు కాపురమే లేకుండ జేసిన యీ వ్యవస్థను దలచుకొన్నపుడు, సొంతగడప యనుమాట కెంత విలువ గలదో బోధపడును.

ఆ విలువకై జరిగిన పోరాటమున కీ సీమయే రంగస్థలము. 1946 జూలై 4వ తేదీన, ఆనాడు నల్లగొండ జిల్లాలో నున్న కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు నేలకొరిగెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో నలువది హరిజన కుటుంబములు వినోబాభావే నెదుట 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములిచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమ మచటనే పుట్టెను. నేల లేనివానికి గోడ లేదు. గోడ లేనివానికి కాపురపు టేకాంతము లేదు. కావున నీ సంఘటనలు రాజకీయ చరిత్రకు మాత్రమే గాక గృహచరిత్రకును చెందినవే.

అదే పోచంపల్లిలో మఱియొక రకపు టిల్లు గలదు. సాలెవారి యింట ముఖ్యమైన చోటు మగ్గమునకే. దంపతులు దాని చుట్టునే కాపురము తీర్చుకొందురు. భర్త గుంటమగ్గమున గూర్చుండి నేయుచుండగా, భార్య నూలు చుట్టుట, ఆసుపోయుట మున్నగు పనులు చేయును. ఆసు పోయుటయనగా మేకుల చుట్టు చేతితో నూలు నిటునటు త్రిప్పుట. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 మారు లాడవలెను. తల్లి భుజము నొప్పి చూచి తాళలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరుమీదుగా లక్ష్మీ ఆసు అని పేరిడిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించెను. ఇల్లు బాగుచేయుట యనగా గోడలకు రంగులు వేయుట యని భ్రమించువారికి ఈ యుదాహరణము చాలును. ఇంటిలో నెవరి చేయి నొచ్చుచున్నదో మొదట కనుగొనుటయే నిజమైన బాగుచేత.

ఇక పాలమూరు కూలీల సంగతి. వానలు లేక, పనులు దొరకక ఈ జిల్లావారు దంపతులుగా దేశదేశములకు వలస పోయిరి. గుంపుమేస్త్రీ యొద్ద ముందుగా సొమ్ము తీసికొని, ఆ బాకీ తీరువరకు మన్ను త్రవ్వి, రాళ్లు మోసి, ఆనకట్టలును మేడలును కట్టిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి; అది లోకమునందలి రాతికట్టడపు టానకట్టలలో మిక్కిలి పెద్దదిగా పేరుగాంచినది. ఇట్టి మహాకార్యములందు పాలుగొన్న యెన్నియో జంటలకు తొలి కాపురపు టిల్లు గోనెపట్టాలు కప్పిన గుడారమే. పని ముగిసినపు డదియు నుండదు. ఊరిలోని యింట ముసలివారును పిల్లలును మిగులుదురు. పరుల యిండ్లకు పునాది త్రవ్విన చేతులకు తమ యింట దీపము పెట్టుకొను భాగ్యము ఏటికి కొన్ని మాసములే.

చట్టము మెల్లమెల్లగా స్త్రీవైపు తిరిగినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము హిందూ వారసత్వ చట్టమును సవరించి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అవివాహితలగు కూతుళ్లకును పిత్రార్జితమున కొడుకులతో సమాన భాగము నొసగెను; 2005లో దేశమంతటికిని కూతుళ్లకు సమాన హక్కు వచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వ మారంభించిన రెండు పడకగదుల యిండ్ల పథకమున నొక్కొక యింటికి 560 చదరపు అడుగుల వైశాల్యము నిర్ణయించిరి. 2024లో మొదలైన ఇందిరమ్మ యిండ్ల పథకమున ఇంటికి అయిదు లక్షల రూపాయల సాయమును, ఇంటి హక్కును స్త్రీ పేరుతో నీయనారంభించిరి. భవంతి యర్రలో గుమ్ముల ప్రక్క నొదిగిన కోడలికిని, తన పేర పత్రముగల యిల్లాలికిని నడుమ మూడు తరములే గడచినవి. కాని పత్రముమీద పేరు వ్రాసినంతనే యింటిలో మాట చెల్లునని నమ్మరాదు.

ఈ చరిత్రమంతయు నేటి క్రొత్త దంపతులకేల? వారు నల్లగొండలోనో, మహబూబునగరులోనో రెండు గదుల వాటా నద్దెకు తీసికొని, లేదా తాతలనాటి పెంకుటింట నొక భాగమును పంచుకొని దానిని చక్కజేసికొనుచున్నారు. వారితో మేము చెప్పదలచిన మాటలు కొన్ని గలవు. మొదట వెలుగు, గాలి చూడుడు. పాత యర్రకు కిటికీ తెరచుటకైన ఖర్చు వ్యర్థము గాదు. వంటయింటి పొగ, యావిరి బయటికి పోవు మార్గము పిదప. ఆ తరువాత నీరు. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఎన్ని యెముకలను వంచినదో ఆ సీమవా రెరుగుదురు. పటికయు సున్నమును కలిపి బిందెలోనే దానిని తొలగించు పద్ధతికి లోకమంతట నల్లగొండ పేరే నిలిచినది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథచే నల్లాలు వచ్చినను, త్రాగునీరెచటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుట ఇల్లాలి పనియు, ఇంటాయన పనియు గూడ.

పైకప్పు వేడెక్కునేని సున్నపు పూత వేయుడు. పెద్దలు మట్టిమిద్దెతో సాధించిన చల్లదనమును కొంతయైన నది తెచ్చును. గోడలోని పాత దీపపుగూటిని పూడ్చివేయక పుస్తకములుంచుడు. చుట్టములు వచ్చి మెచ్చుటకై ముందరి గదిని నింపి, ప్రతిదినము మెలగు చోటిని చీకటిలో విడువకుడు. అన్నిటికంటె ముందు, కొలతల కాగితముపై నిరువురును గూర్చుండుడు. ఆమె నిలువెత్తునకు తగినట్లు పొయ్యిగట్టు కట్టించుడు. ఆమెకును చదువుకొనుటకో, కుట్టుకొనుటకో, ఊరక కూర్చుండుటకో యొక మూల నుండనిండు.

ఇల్లు చిన్నదగుట లోపము గాదు. గడీ పెద్దదే; అందలి యాడబాపకు కన్నీరు తుడుచుకొనుటకైన చోటులేదు. రెండు గదుల యింటనైనను, ఈ కిటికీ యిచట నుండవలెనని కోడలు చెప్పగా, ఇంటివారు విని, మేస్త్రీని పిలిచి ఆ గోడ తెఱపించిన దినమున మన సీమల గృహచరిత్ర యింకొక యడుగు ముందునకు సాగును. చదువరులలో నిట్టి పని నిదివరకే చేసినవారు పెక్కురుందురని మా నమ్మకము. చేయనివారు ఈ వేసవి కెండ ముదురక పూర్వమే మేస్త్రీతో మాటాడుదురుగాక.