నోమ్ ఇసుకలో బంగారం

అలాస్కా పడమటి అంచున, బేరింగ్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు నోమ్. చెట్లు ఎదగని చలినేల. 1898 సెప్టెంబరులో జాఫెట్ లిండెబెర్గ్, ఎరిక్ లిండ్‌బ్లోమ్, జాన్ బ్రింటెసన్‌లకు అక్కడి ఆన్విల్ వాగులో బంగారం దొరికింది. 'అదృష్టవంతులైన ముగ్గురు స్వీడన్లు' అని పేరుపడ్డారు గానీ, వారిలో లిండెబెర్గ్ నార్వే మనిషి.

కబురు విని మరుసటి వేసవిలో దిగినవాళ్లకు వాగుల్లో జానెడు చోటు మిగల్లేదు. ముందొచ్చినవాళ్లు హద్దు కర్రలు పాతేశారు. తిరిగి వెళ్దామంటే ఓడ ఛార్జీ లేక చాలామంది తీరాన డేరాలు వేసుకుని పడి ఉన్నారు. 1899 జులైలో వాళ్ల కాళ్ల కింది ఇసుకలోనే బంగారం బయటపడింది!

సముద్రపు అలలు వేల ఏళ్లుగా తేలికైన ఇసుకను ఈడ్చుకుపోతూ, బరువైన బంగారాన్ని ఎర్రటి గార్నెట్ ఇసుకతో కలిపి పొరలుగా మిగిల్చాయి. దాన్ని తీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఉయ్యాలలా ఊగే చెక్కపెట్టె ఒకటి చాలు. పైనున్న జల్లెడలో ఇసుక పోసి, నీళ్లు గుమ్మరిస్తూ ఊపాలి. గులకరాళ్లు పైనే నిలిచిపోతాయి, సన్నటిది కిందికి జారుతుంది. అడుగున పాదరసం పూసిన రాగిరేకుకు పిండిలాంటి బంగారం అంటుకుంటుంది. రేకు గీకి, వేడిచేసి, పాదరసాన్ని ఆవిరి చేస్తే మిగిలేదే కూలి. అప్పట్లో ఔన్సు ధర 20.67 డాలర్లు.

ఆ తీరం ఎవరి సొత్తూ కాదు. ఎవరు తవ్వుతుంటే, తవ్వుతున్నంతసేపు ఆ గుంట వాళ్లది. ఒక కంపెనీ మాదంటూ వస్తే సైనికులు వందలమందిని పట్టుకున్నారు. కానీ విచారించే జడ్జి ఊళ్లో లేడు. వదిలేయక తప్పలేదు.

జడ్జి 1900 జులైలో వచ్చాడు. పేరు ఆర్థర్ నోయెస్. అప్పటికి ఆ తీరానికి దాదాపు 20,000 మంది చేరారు. నోయెస్‌తో పాటే ఓడ దిగాడు డకోటా రాజకీయ నాయకుడు అలెగ్జాండర్ మెకెంజీ. వాగుల్లోని మేలైన గనుల మీద దావాలు పడ్డాయి. తీర్పు వచ్చేదాకా వాటిని చూసుకునే రిసీవరుగా మెకెంజీని జడ్జి నియమించాడు. మెకెంజీ ఊరుకోలేదు, తవ్వించడం మొదలుపెట్టాడు. కేసు తేలేసరికి బంగారం ఖాళీ అవుతుంది, యజమానికి గుల్ల మిగులుతుంది! ఇదీ వాళ్ల ఎత్తు. యజమానులు శాన్ ఫ్రాన్సిస్కోలోని పైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చినా మెకెంజీ ఖాతరు చేయలేదు. చివరికి అక్కడి నుంచే అధికారులు వచ్చి అతన్ని పట్టుకెళ్లారు. ఏడాది జైలు పడింది. అదీ పూర్తి కాకముందే అధ్యక్షుడు మెకిన్లీ క్షమాభిక్ష పెట్టాడు. నోయెస్‌కు పడిన జరిమానా 1,000 డాలర్లు. తర్వాత పదవి ఊడింది. ఇంత దోపిడీకి అంతేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పట్లో నోమ్‌లో ఉన్న రెక్స్ బీచ్ 1906లో ఈ కథనే 'ది స్పాయిలర్స్' నవలగా రాశాడు.

యజమానులకైనా పైకోర్టు దిక్కయింది. తరతరాలుగా ఆ తీరంలో సీళ్లను వేటాడుతూ, చేపలు పడుతూ బతికిన ఇనుపియాట్ జనానికి అదీ లేదు. 1900 వేసవిలోనే తట్టు, ఫ్లూ ఆ ప్రాంతాన్ని చుట్టుముట్టాయి. ఆ రోగాలను తట్టుకునే శక్తి వారి ఒంట్లో లేదు. ఇంటిల్లిపాదీ మంచాన పడితే వేటకు వెళ్లేవాడు, చలికాలానికి చేపలు ఎండబెట్టేవాడు కరువయ్యాడు. రోగం వదిలేసినవాళ్లను ఆకలి పట్టుకుంది. బంగారు నోమ్ గురించిన పుస్తకాల్లో ముగ్గురు స్వీడన్లకు, దొంగ జడ్జికి దక్కిన పేజీల్లో నాలుగోవంతైనా వీళ్లకు దక్కాలి.