క్వాయ్ నది వంతెన: తెరపై కానరాని కూలీలు

1957లో వెలువడిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ అను యుద్ధచిత్రమును మన పాఠకులలో పలువురు చూచియే యుందురు. డేవిడ్ లీన్ దర్శకత్వము వహించిన ఈ చిత్రమునకు ఏడు ఆస్కారు బహుమతులు లభించెను. జపానువారి చెరలోనున్న ఆంగ్లేయ కర్నలు, తన సైనికుల ఆత్మగౌరవము నిలుపబోయి శత్రువునకే చక్కని వంతెన కట్టియిచ్చుట అందలి కథ. ఎలెక్ గిన్నెస్ నటనను మేమును మెచ్చితిమి.

చరిత్ర వేరు. 415 కిలోమీటర్ల సయాము–బర్మా రైలుమార్గము 1942లో ఆరంభమై 1943 అక్టోబరునాటికి పూర్తియయ్యెను. కాంచనబురి వంతెనయొద్ద బందీలకు పెద్దయైన ఫిలిప్ టూసీ, చిత్రములోని కర్నలువంటివాడు కాడు. పనిని జాగుచేయించుచు తనవారి ప్రాణములు నిలుపుటకే పాటుపడెను. తెరపై కూలిన కొయ్యవంతెన సింహళమున కితుల్గలయొద్ద కట్టినది.

తోటకూలీల సంతతివారమైన మనకు తోచు వెలితి మరొకటి కలదు. యుద్ధబందీలు సుమారు 60,000 మంది. వారిలో 12,000కు పైగా మరణించిరి. ఆసియా కూలీలు బందీలకంటె ఎన్నో రెట్లు అధికులు. మలయా రబ్బరుతోటల తమిళులు, వారితోపాటు తెలుగువారును అందుండిరి. కొందరిని కూలియాశ చూపి, కొందరిని బలవంతముగా కొనిపోయిరి. సైనికులకు తమ వైద్యులు, అధికారులు తోడుండిరి. కూలీలకు ఆ యాసరా లేదు. 1943 వానకాలమున కలరా సోకగా శిబిరములు శవములతో నిండెను. కూలీల మరణములు 90,000 వరకు ఉండునని అంచనా.

కాంచనబురి సైనిక శ్మశానమున దాదాపు 7,000 సమాధులు వరుసలు తీరియున్నవి. కూలీలలో పెక్కుమందికి పేరు చెక్కిన రాయియైనను లేదు.