కళాకారుల ఒడంబడికలు: భారత శాసనమున రక్షణ చరిత్ర

కవి గాయక చిత్రకారాదుల సృష్టిని వ్రాతమూలకమైన ఒడంబడికచే కాపాడు పద్ధతి భారతదేశమునకు బ్రిటిషు శాసనము వెంట వచ్చినది. పూర్వము తెలుగుకవి తన కావ్యమును కృతిభర్తకు అంకితమిచ్చి అగ్రహారమో ధనమో పడయుచుండెను. ఆ పిమ్మట దానిని ఎవరు ప్రతి వ్రాసికొన్నను, ఎవరు పాడుకొన్నను అతనికి రావలసినదేమియు లేకుండెను. ముద్రణాలయములు వెలసి, పుస్తకమును, అటుపై పాటయు విక్రయవస్తువులైన తరువాతనే హక్కును గూర్చిన ప్రశ్న తలయెత్తినది.

1911 నాటి బ్రిటిషు కాపీరైటు చట్టము 1914లో కొద్దిమార్పులతో ఈ దేశమునకు వర్తించినది. హక్కుదారుగాని, అతని ప్రతినిధిగాని చేవ్రాలు చేసిన పత్రము లేనిదే హక్కు అన్యులకు సంక్రమింపదను నియమము అందు కలదు. 1958 జనవరి 21న అమలులోనికి వచ్చిన 1957 చట్టము సైతము 19వ సెక్షనున ఈ నియమమునే నిలిపినది. నోటిమాటను ఆధారముగా చూపి పరుల సృష్టిని కాజేయువారి నుండి ఇది మంచి రక్షణయే. కాని పత్రమును సిద్ధపరచువాడు ధనవంతుడగు నిర్మాతయు, చేవ్రాలు చేయువాడు అవసరమునందున్న కళాకారుడును అగుటచే, ఆ పత్రమే పెక్కుమారులు అతనిని సర్వస్వమునకు దూరము చేసినది.

చలనచిత్రములయందు ఆ మాత్రపు పత్రము కూడ అక్కరలేకపోయినది. ప్రతిఫలము పుచ్చుకొని నిర్మాత కోరికపై పాట వ్రాసినను, స్వరపరచినను, విరుద్ధమగు ఒడంబడిక లేనియెడల నిర్మాతయే ప్రథమస్వామి యని, 17వ సెక్షనును అనుసరించి సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. గీతరచయితల, సంగీతకర్తల పక్షమున వాదించిన, 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఆ వ్యాజ్యమున ఓడినది. ఆ తీర్పుతో ఏకీభవించుచునే జస్టిస్ కృష్ణయ్యరు, సంగీతమునకు ప్రాణమగు గాయకునికి చట్టమున ఏ హక్కును లేకుండుట భారతీయ భావనకు విరుద్ధమని వేరుగా వ్రాసి, పార్లమెంటు దృష్టికి తెచ్చెను. న్యాయపీఠము నుండి వెలువడిన ఆ సహృదయవాక్కు చిరస్మరణీయము.

1994 సవరణము గాయకాది ప్రదర్శకులకు హక్కు నొసగినది. బదలాయింపు పత్రమున కాలపరిమితి చెప్పనిచో అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమే యనియు అది నిర్ణయించినది. పొందిన హక్కును ఏడాదిలోపల వినియోగింపనిచో, పత్రమున వేరువిధముగా చెప్పియుండిననే తప్ప, బదలాయింపు రద్దగును. ఇంతకుముందే, 1986లో, ఢిల్లీ హైకోర్టు రచయిత్రి మన్నూ భండారీ వ్యాజ్యమున, నవల చిత్రీకరణహక్కును అమ్ముకొన్నను కృతి వికృతము కాకుండ కాపాడుకొను 57వ సెక్షను హక్కు ఒడంబడికకు అతీతమని తేల్చినది.

అసలు మలుపు 2012 సవరణము. సినిమాహాలులో చిత్రముతోకూడ వినిపించుట మినహా తక్కిన వినియోగములన్నింటను గీతరచయితకును సంగీతకర్తకును సమభాగపు రాయల్టీ ముట్టవలెననియు, ఆ హక్కును వదలుకొనునట్లు వ్రాయించుకొన్న పత్రము చెల్లదనియు శాసించినది. రాజ్యసభలో ఇందులకై గట్టిగా వాదించినవారు గీతరచయిత జావేద్ అఖ్తర్. చలనచిత్రములకు వెలుపల చిత్రకారుని స్థితి మాత్రము మారలేదు: ప్రతిఫలము గైకొని గీసిన చిత్రపటముపై హక్కు, విరుద్ధమగు ఒడంబడిక లేనియెడల, నేటికిని గీయించినవానిదే.