బయోడీజిల్ గ్లిజరిన్: శుద్ధి చరిత్ర

బయోడీజిల్ తయారయ్యాక ట్యాంకు అడుగున ముదురు బెల్లం పాకంలాంటి ద్రవం మిగులుతుంది. దాన్నే ముడి గ్లిజరిన్ అంటారు. అందులోంచి సబ్బు, ఉప్పు, మిథనాల్, నీరు, రంగు, వాసన తీసేసి గ్లిజరాల్‌ను వేరుచేయడమే గ్లిజరిన్ శుద్ధి. నూనెను మిథనాల్‌తోనూ కొద్దిపాటి కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్‌తోనూ కలిపి వేడిచేస్తే ఒక్కో నూనె అణువు నుంచి మూడు ఎస్టర్ అణువులు, ఒక గ్లిజరాల్ అణువు వస్తాయి. ఆ ఎస్టర్లే బయోడీజిల్. వంద కిలోల బయోడీజిల్ తీస్తే సుమారు 10 కిలోల గ్లిజరాల్ దిగుతుంది.

గ్లిజరాల్ సంగతి మొదట బయటపెట్టింది స్వీడన్ మందుల తయారీదారు కార్ల్ షీలే. 1779లో ఆలివ్ నూనెను సీసపు ఆక్సైడ్‌తో కలిపి కాస్తే తియ్యటి ద్రవం వచ్చింది. తర్వాత ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్, తీపి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి గ్లిజరిన్ అని పేరు పెట్టాడు. పేరైతే వచ్చింది గానీ గిరాకీ రాలేదు. కొవ్వుతో కొవ్వొత్తులు చేసేవాళ్లు దాన్ని పారబోసేవారు. 1850ల నడుమ లండన్‌లోని ప్రైసెస్ కొవ్వొత్తుల కంపెనీలో జార్జ్ విల్సన్ బాగా వేడెక్కిన ఆవిరిని పంపి గ్లిజరిన్‌ను స్వేదనం చేశాడు. ఈనాటి శుద్ధికి మూలం అక్కడే ఉంది.

దాని దశ తిప్పింది మాత్రం పేలుడు మందు. 1847లో టురిన్‌లో రసాయనవేత్త సొబ్రెరో గ్లిజరిన్ నుంచి నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు ద్రవం తయారుచేశాడు. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానితో చేసిన డైనమైట్‌కు పేటెంటు పొందాడు. అప్పటిదాకా సబ్బు కార్ఖానాలు కాలువలోకి వదిలిన, గ్లిజరిన్ ఉన్న ఉప్పుకషాయాన్ని కూడా జాగ్రత్తగా పట్టి మరిగించడం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొవ్వులు దొరకని జర్మనీ చక్కెరను పులియబెట్టి గ్లిజరిన్ తీసింది.

ఇక్కడే కథలో తమాషా ఉంది. 1940లలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీకి చెందిన బ్రాడ్‌షా, మ్యూలీ తీసుకున్న పేటెంట్లలో నూనెను మిథనాల్‌తో కలిపే నేటి బయోడీజిల్ పద్ధతే ఉంది. కానీ వాళ్లకు కావలసింది ఇంధనం కాదు. గ్లిజరిన్‌ను సులువుగా విడదీయడం, మిగిలిన ఎస్టర్లతో సబ్బు చేసుకోవడం. పామాయిల్ ఎస్టర్లను ఇంధనంగా వాడవచ్చని బెల్జియంలో చవాన్ 1937లోనే పేటెంటు తీసుకున్నా, దాని వైపు చూసినవాళ్లు తక్కువ. గ్లిజరిన్ కోసం పుట్టిన పద్ధతిలోనే గ్లిజరిన్ చివరికి చెత్త కిందికి వచ్చిందంటే తప్పు రసాయనానిది కాదు, ధరది.

ఆ ధర పడిపోవడానికి ఒక పెద్ద కారణం యూరప్ విధానం. 2010 నాటికి రవాణా ఇంధనంలో 5.75 శాతం జీవ ఇంధనం ఉండాలని యూరోపియన్ యూనియన్ 2003లో లక్ష్యం పెట్టుకుంది. బయోడీజిల్ పెరిగే కొద్దీ, ఎవరూ అడగకపోయినా గ్లిజరిన్ కూడా పెరిగింది. పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్‌తో గ్లిజరిన్ చేసే పద్ధతిని షెల్ కంపెనీ 1948లో టెక్సస్‌లో మొదలుపెట్టింది. బయోడీజిల్ గ్లిజరిన్ వెల్లువతో, అదే రాష్ట్రంలో అలాంటి గ్లిజరిన్ చేస్తున్న డౌ కంపెనీ 2006లో తన ప్లాంటు మూసేసింది.

ముడి గ్లిజరిన్‌ను శుద్ధి చేయడం సబ్బు కషాయాన్ని శుద్ధి చేసినంత తేలిక కాదు. చర్య పూర్తిగా జరగడానికి అవసరానికి రెట్టింపు మిథనాల్ పోస్తారు. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం గ్లిజరిన్‌లోకే చేరుతుంది. వాడిన క్షారమూ, దాని వల్ల పుట్టిన సబ్బూ అక్కడికే దిగుతాయి. వేపుడు నూనెతో బయోడీజిల్ చేస్తే ఆ వేపుడు వాసన కూడా వదలదు.

మొదటి పని ఆమ్లం పోయడం. గాజు జాడీలో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు నల్లటి నూనె పొరగా పైకి తేలతాయి. మధ్యలో కాస్త తేటపడిన గ్లిజరిన్, మిథనాల్ ఉంటాయి. పొటాష్ వాడి ఉంటే అడుగున తెల్లటి లవణం పేరుకుంటుంది. ఖరీదైనా కొందరు ఫాస్ఫారిక్ ఆమ్లమే వాడతారు. అప్పుడు దిగే పొటాషియం ఫాస్ఫేట్ ఎరువుగా అమ్ముడవుతుంది. కాస్టిక్ సోడా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే వచ్చేది మామూలు ఉప్పే. అది చాలావరకు గ్లిజరిన్‌లోనే కరిగి ఉండి, తర్వాత స్వేదన పాత్ర అడుగున గడ్డకడుతుంది.

పై పొర తీసేశాక, మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో తటస్థం చేసి మిథనాల్‌ను ఆవిరిగా పట్టుకుంటారు. అది 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. ఇక్కడికి సుమారు 80 శాతం గ్లిజరిన్ చేతికొస్తుంది. చిన్న ప్లాంట్లు చాలావరకు ఇక్కడే ఆగి సరుకును పెద్ద రిఫైనరీలకు అమ్ముకుంటాయి. వాటికి అదే తెలివైన పని. ఎందుకంటే తర్వాతి మెట్టు వాక్యూమ్ స్వేదనం. మామూలు పీడనంలో గ్లిజరిన్ 290 డిగ్రీలకు మరగాలి, ఆ వేడికి విరిగిపోయి అక్రోలీన్ పుడుతుంది. మాడిన నూనె బాణలిలోంచి లేచి కళ్లు మండించే పొగలో ఉండేది ఇదే. పీడనాన్ని 10 మిల్లీమీటర్ల పాదరసానికి దించితే 167 డిగ్రీలకే మరుగుతుంది. ఆ వాక్యూమ్ పంపులకూ ఆవిరికీ అయ్యే ఖర్చు చిన్న ప్లాంటుకు గిట్టదు. ఆఖరున యాక్టివేటెడ్ కార్బన్ రంగు, వాసన పీల్చుకుంటుంది. అయాన్ మార్పిడి రెసిన్లు మిగిలిన కాస్త ఉప్పును పడతాయి. ముడి సరుకులో ఉన్నంత ఉప్పును నేరుగా వాటి మీదికి పంపితే వెంటనే నిండిపోతాయి.

తెలుగు నేల మీద ఈ పని కాకినాడలో జరుగుతోంది. అమెరికా కంపెనీ ఎమిటిస్‌కు అనుబంధమైన యూనివర్సల్ బయోఫ్యూయెల్స్ 2008లో అక్కడ మొదలుపెట్టిన ప్లాంటు, బయోడీజిల్‌తో పాటు శుద్ధి చేసిన గ్లిజరిన్‌నూ అమ్ముతుంది.

మందుల్లో వాడే గ్లిజరిన్ కనీసం 99 శాతం ఉండాలి. అయితే శాతం ఒక్కటే చాలదు, ఏ గింజ నుంచి వచ్చిందన్నదీ చూడాలి. అడవి ఆముదం, అంటే జట్రోఫా గింజల్లో ఫోర్బాల్ ఎస్టర్లనే విషాలున్నాయి. జట్రోఫా బయోడీజిల్ నుంచి వచ్చిన గ్లిజరిన్ మందుల్లోకీ ఆహారంలోకీ చేరే ప్రమాదముందని, ఇలాంటి విషాలను మామూలు పరీక్షలు పట్టుకోలేకపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో తయారీదారులను హెచ్చరించింది.