కోఠి–సుల్తాన్ బజార్: ఒక బహుభాషా పేట కుదురుకున్న తీరు

నగరం నడిబొడ్డున పలు భాషలవారు, పలు మతాలవారు గోడకు గోడ ఆనించి బతికే పేటలను గురించిన చర్చ తరచుగా సామరస్యం అనే మాట దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ మాట అబద్ధమేమీ కాకపోవచ్చు గానీ, ఎవరు ఎందుకు అక్కడికి వచ్చారు, వచ్చినవారు ఏ ఏర్పాట్లతో ఒకరితో ఒకరు సర్దుకున్నారు, ఎవరిని లోపలికి రానిచ్చి ఎవరిని గడప దగ్గరే నిలిపారు అన్న ప్రశ్నలు దాని చాటున పడిపోతాయి. హైదరాబాదులో మూసీకి ఉత్తరాన ఉన్న కోఠి, సుల్తాన్ బజార్‌లను, వాటిని ఆనుకొని ఉన్న బడీచౌడీ, పుత్లీబౌలి, జాంబాగ్, ఇసామియా బజార్‌లను ఈ దృష్టితో పరిశీలిస్తే, అక్కడి వైవిధ్యానికి పునాది వేసినది ఒక పరిపాలనా సరిహద్దు అనీ, దానిని నిలబెట్టినవి ఉమ్మడి అంగడి, ఎవరి భాషకు వారు కట్టుకున్న సంస్థలు అనీ తేలుతుంది.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, 19వ శతాబ్దపు తొలి దశకంలో, ఇప్పటి కోఠిలో రెసిడెన్సీ భవనం లేచింది. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లలో నిజాం పోలీసులకు గానీ కచేరీలకు గానీ అధికారం లేకపోవడంతో, దర్బారుకు, జాగీర్దార్లకు అప్పులిచ్చే సాహుకార్లకు, అంటే వడ్డీ వ్యాపారం చేసే పెద్ద వర్తకులకు, ఆ హద్దు లోపల ఉండడం మేలనిపించింది. 1814లో విలియం పామర్ మొదలుపెట్టిన బ్యాంకింగ్ కంపెనీలో గుజరాతీ సాహుకారు బంకటీదాస్ భాగస్వామి కావడం, రెసిడెన్సీ నీడన కుదిరిన ఈ పొత్తుకు తొలి నమూనా. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడికి వచ్చినవారు, దాని ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లను ఆక్రమించి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. ఆ రెండు పేర్లను బట్టే అప్పటికి ఆ వీధిలో ఎవరి పక్కన ఎవరు ఉన్నారో ఊహించవచ్చు. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం పాలన కిందికి వచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి.

సాహుకార్లకు రక్షణ ఇచ్చిన హద్దే సభలకు, సంఘాలకు కూడా కొంత వెసులుబాటు ఇచ్చింది. 1892లో ఆర్యసమాజం, 1901లో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1907లో మరాఠీవారి చొరవతో వివేకవర్ధినీ పాఠశాల, ఆ తరువాత ఇసామియా బజార్‌లో మరాఠీ గ్రంథ సంగ్రహాలయం, ఇలా కాలినడకన చేరుకోదగినంత దూరంలోనే వేర్వేరు భాషల, సమాజాల సంస్థలు వెలిశాయి. వీటిని సహజీవనానికి గుర్తులుగా మాత్రమే చెప్పుకోవడం సరికాదు. 1921 నవంబరులో ధోండో కేశవ కర్వే అధ్యక్షతన వివేకవర్ధినీ థియేటరులో సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను సాఫీగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా గేలి చేసింది. అవమానపడిన తెలుగువారు వెంటనే సమావేశమై ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ చేశారు. తెలుగువారు అధిక సంఖ్యలో ఉన్న రాజ్యపు రాజధానిలో తెలుగుకు జరిగిన పరాభవంగా ఈ ఘటనను చరిత్రకారులు చెబుతూ వచ్చారు. కానీ పేటను కేంద్రంగా చేసుకొని చూస్తే, పొరుగువాడి భాషకు బడి, గ్రంథాలయం, సభాభవనం ఉండడాన్ని రోజూ చూస్తున్నవారికే తమకు లేనిదేమిటో అంత త్వరగా తెలిసివస్తుందన్న సంగతి కూడా ఇందులో కనిపిస్తుంది.

అంగడిలో మాత్రం భాషల మధ్య వేరే లెక్క నడుస్తుంది. బడీచౌడీలో చీరకు జత జాకెట్టు గుడ్డ అమ్మే మ్యాచింగ్ సెంటర్ దగ్గర, గుమాస్తా తానులోంచి గుడ్డ లాగి, ట్యూబులైటు కింద రంగు తేడా కొడుతుందని మెట్టు దాకా వచ్చి, పగటి వెలుతురులో చీర అంచు పక్కన పెట్టి చూపుతాడు. బేరం దక్కనీలో, అంటే తెలుగు, మరాఠీ, కన్నడ పలుకుబళ్లను కలుపుకున్న ఇక్కడి ఉర్దూలో మొదలై, గిట్టుబాటు దగ్గరకు వచ్చేసరికి తెలుగులోకి దిగుతుంది. అయినా డేఢ్‌సౌ (నూట యాభై), ఢాయీసౌ (రెండు వందల యాభై) అన్న అంకెలు మాత్రం ఉర్దూలోనే ఉండిపోతాయి, వాటిని విడమరచమని జిల్లాల నుంచి వచ్చినవారు తప్ప ఎవరూ అడగరు. గల్లాపెట్టె దగ్గర యజమాని కొడుకుతో మాట్లాడేది మార్వాడీ. ఎవరి భాషనూ పూర్తిగా నేర్చుకోకుండా అందరి భాషలోనూ వ్యాపారం నెగ్గుకొచ్చే ఈ నేర్పును అభిమానంగా పొరబడకూడదు గానీ, తేలికగా తీసిపారేయనూ కూడదు. పూర్వపు రెసిడెన్సీ ఆవరణలో మహిళా కళాశాల (2022 నుంచి మహిళా విశ్వవిద్యాలయం), దగ్గరలోనే ప్రసూతి ఆసుపత్రి ఉండడం వల్ల ఇక్కడికి రోజూ వచ్చే వేలమంది స్త్రీలకు, కొత్త భాషలో బెరుకు లేకుండా బేరమాడే చనువు దొరికింది ఇటువంటి మెట్ల మీదే.

మల్గీలో, అంటే వీధివైపు దుకాణపు గదిలో, అడగని కులమతాలు పై అంతస్తులో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు బయటికి వస్తాయి. శాకాహారులకు మాత్రమే ఇస్తామన్న షరతు తిండిని గురించినదిగా వినిపించినా, అది ఎవరెవరిని వెనక్కి పంపుతుందో ఇరువైపులా తెలుసు. దుకాణాల విషయంలో పగిడీ పద్ధతి ఇందుకు భిన్నంగా పనిచేసింది. ఈ పద్ధతిలో చేరేటప్పుడే పెద్ద మొత్తం ముట్టజెప్పిన కిరాయిదారు, ఆపైన నామమాత్రపు అద్దెతో తరాలపాటు ఉండిపోగలడు. యజమాని అభిరుచితో నిమిత్తం లేకుండా వేర్వేరు సమాజాల వ్యాపారులు పక్కపక్కన కొనసాగడానికి, ఏ ఆదర్శం కన్నా ఈ ఒప్పందమే ఎక్కువ తోడ్పడిందని చెప్పవచ్చు.

సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో మార్గం వద్దని వర్తకులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పినా, 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్–మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గం తెరుచుకుంది. అంతకన్నా లోతైన మార్పు ఇళ్లలో వచ్చింది. స్తోమతు కలిగిన కుటుంబాలు కొత్త కాలనీలకు తరలిపోగా, కింది మల్గీ నిలిచి, పై గదులు గోదాములయ్యాయి. జనగణన మనిషిని అతడు నివసించే ఇంటి దగ్గర లెక్కిస్తుంది కనుక, పగలంతా మూడు భాషల్లో బతికే గుమాస్తా ఎక్కడో శివారు వార్డులో ఒకే మాతృభాషతో నమోదవుతాడు, పేట వైవిధ్యం కాగితం మీద తగ్గుతుంది. అందువల్ల ఇటువంటి ప్రాంతాల అధ్యయనానికి జనాభా పట్టికల కన్నా దుకాణాల పద్దులు, గ్రంథాలయాల చందాదారుల జాబితాలు, పగిడీ పత్రాలు ఎక్కువ ఉపయోగపడతాయి. వాటిలో పాతవాటిని చదవాలంటే ఉర్దూతోపాటు మరాఠీవారి మోడీ, మార్వాడీ వర్తకుల మహాజనీ లిపులు తెలిసినవారు తెలుగు పరిశోధకులతో కలిసి కూర్చోవలసి ఉంటుంది.